రైలు రాకముందే వేయాల్సిన లెక్క

(కాల్గరీ సామాజిక రేడియో తెలుగు కార్యక్రమంలో చేసిన ప్రసంగ పాఠం)

బయట మంచు పడుతోంది, మీలో సగం మంది కార్లలో ఉండి ఉంటారు, మిగతా సగం వంటింట్లో. ఎవరి పని వాళ్ళు చేసుకుంటూనే వినండి. ఇవాళ లెక్కల గురించి మాట్లాడతానంటే స్టేషను మార్చేస్తారేమో అని ముందు మా ఇంటి కథ చెబుతాను.

మేము కాల్గరీలో ఉత్తరం వైపు పనోరమా హిల్స్‌లో ఇల్లు కొన్నది 2015లో. ఇల్లు చూపించిన ఏజెంటుగారు కిటికీలోంచి చెయ్యి చాపి, "ఇదిగో, గ్రీన్ లైన్ రైలు ఇటే వస్తుంది, స్టేషనుకి నడిచి వెళ్ళొచ్చు" అన్నారు. మా వారు పొంగిపోయారు. నేనూ పొంగిపోయాను. తమాషా ఏమిటంటే, పొట్ట పోసుకోవడానికి నేను చేసే పనే రవాణా లెక్కలు! రోడ్డు వేస్తే ఎన్ని కార్లు వస్తాయి, బస్సు వేస్తే ఎంతమంది ఎక్కుతారు అని రోజంతా కంప్యూటరు ముందు కూర్చుని లెక్కలు వేసే మనిషిని. అలాంటిదాన్ని, "గీత గీశారు సరే, డబ్బు ఎవరిచ్చారు? ఏ సంవత్సరం ఏ ముక్క కడతారు?" అని ఒక్క ప్రశ్న వేయకుండా సంతకం పెట్టాను. ఇవాళ్టికీ మా పక్కన ఒక్క పట్టా పడలేదు.

ఇంతలో మా అత్తగారు సూపర్ వీసా మీద వచ్చారు. తెనాలిలో ఆవిడకి ఒకరి అవసరం ఉండేది కాదు. రిక్షా ఎక్కి స్టేషనుకి, ప్యాసింజరు రైలెక్కి విజయవాడకి, చీర కొనుక్కుని సాయంత్రానికి ఇంటికి. ఇక్కడ గుడికి వెళ్ళాలంటే మా ఇద్దరిలో ఒకరికి తీరిక దొరకాలి. ఒకరోజు అన్నారు, "అమ్మాయ్, మీ ఊళ్ళో కాళ్ళుండి కూడా కుంటిదాన్ని అయ్యాను" అని. ఆ మాట నాకు గుచ్చుకుంది. ఎందుకంటే నేను వేసే లెక్కల్లో ఆవిడ ఎక్కడా లేరు. ఆ సంగతే ఇవాళ మీకు చెప్పాలనుకుంటున్నాను.

ఒక రైలు మార్గానికో, రోడ్డుకో, వంతెనకో వందల కోట్లు పెట్టేముందు అది పెట్టదగ్గదా కాదా అని తేల్చే పద్ధతులు ఉన్నాయి. అన్నిటికీ మూలం ఒకటే: ఒక పక్క ఖర్చు, ఇంకో పక్క లాభం, రెండోది మొదటిదాని కంటే ఎక్కువుందా? 1844లోనే ఫ్రాన్సులో జూల్ డ్యుపుయి అనే ఇంజనీరు ఒక మంచి ప్రశ్న అడిగాడు. వంతెన మీద వసూలయ్యే సుంకం ఆ వంతెన విలువ అవుతుందా? కాదన్నాడు. అణా ఇచ్చి దాటేవాడు, అవసరమైతే నాలుగణాలైనా ఇచ్చేవాడే. ఆ మిగిలిన మూడణాలు కూడా వంతెన చేసిన మేలే. సర్కారు ఖజానాలో పడకపోయినా మేలు మేలే కదా. టికెట్ల డబ్బుతో రైలు గిట్టుబాటు కాలేదు కాబట్టి దండగ అనేవాళ్ళకి జవాబు అప్పుడే దొరికింది.

మన గోదావరి జిల్లాల వాళ్ళు రోజూ తలుచుకునే కాటన్ దొర కూడా ఇదే వాదన వాదించాడు. ధవళేశ్వరం ఆనకట్ట 1852కి పూర్తయింది. కాలవలు పొలానికి నీళ్ళివ్వడమే కాదు, పడవల మీద ధాన్యం చౌకగా చేరుస్తాయి, బీదవాడి సరుక్కి రైలు కంటే పడవే మేలు అని ఆయన పోరాడాడు. రైళ్ళ మీద పెట్టే డబ్బు జలమార్గాల మీద పెడితే ఇంకా ఎక్కువ ఫలం అన్నాడు. ఆయన అన్నది అంతా ఒప్పా అన్నది పక్కన పెట్టండి. ఆయన అడిగిన ప్రశ్న మాత్రం ముఖ్యం: "ఇది మంచిదా?" అని కాదు, "దేనితో పోలిస్తే మంచిది?" అని. దీన్ని గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాను.

సరే, ఒక చిన్న లెక్క వేద్దాం. ఇది ఊహించినది, ఏ ప్రాజెక్టుదీ కాదు. ఒక కొత్త మార్గం వల్ల రోజుకి 10,000 మందికి రానూ పోనూ కలిపి తలా 20 నిమిషాలు మిగిలాయనుకోండి. అంటే రోజుకి 2 లక్షల నిమిషాలు, సుమారు 3,333 గంటలు. ఏడాదికి 250 పనిరోజులు వేసుకుంటే దగ్గర దగ్గర 8 లక్షల 33 వేల గంటలు. గంటకి 20 డాలర్లు విలువ కడితే ఏడాదికి 16.7 మిలియన్ డాలర్లు. 30 ఏళ్ళకి కూడితే 500 మిలియన్లు. కట్టడానికి ఖర్చు 250 మిలియన్లు అనుకుందాం. పెట్టినదానికి రెట్టింపు వస్తోంది, కట్టేయొచ్చు కదా?

ఆగండి. మీరెవరైనా చీటీ పాట వేసినవాళ్ళయితే ఇక్కడ మోసం ఎక్కడుందో పట్టేసి ఉంటారు. లక్ష రూపాయల చీటీ మొదటి నెలలోనే కావాలంటే 75 వేలకే పాడుకోవాలి. చివరిదాకా ఆగినవాడికి లక్షా వస్తుంది. అంటే ఎప్పుడో వచ్చే లక్ష, ఇవాళ చేతిలో పడే లక్ష ఒకటి కాదు. రవాణా లెక్కల్లో కూడా ముప్ఫయ్యేళ్ళ తర్వాత వచ్చే లాభాన్ని తగ్గించి ఇవాళ్టి విలువకి తెచ్చుకోవాలి. ఆ తగ్గింపు శాతాన్ని డిస్కౌంటు రేటు అంటారు.

మన 500 మిలియన్లని 3 శాతంతో తగ్గిస్తే 327 మిలియన్లు అవుతుంది. ఖర్చు 250 కాబట్టి ప్రాజెక్టు పాస్. అదే 8 శాతంతో తగ్గిస్తే 188 మిలియన్లే. ప్రాజెక్టు ఫెయిల్! రైలు మారలేదు, జనం మారలేదు, ఒక్క అంకె మారింది. ఇక్కడ కెనడాలో ట్రెజరీ బోర్డు 2007లో కొత్త నిబంధనల లాభనష్టాల లెక్కకి 8 శాతం వాడమని, కొన్ని సందర్భాల్లో 3 శాతం వాడొచ్చని చెప్పింది. చూశారా, నేను ఊహించిన రెండు అంకెలూ ఒకే పుస్తకంలో ఉన్నాయి. అందుకని ఎవరైనా "నిపుణుల లెక్క ప్రకారం గిట్టుబాటు అవుతుంది" అంటే, ముందు అడగాల్సింది "ఎంత వడ్డీ లెక్కన?" అని.

రెండో అంకె గంటకి 20 డాలర్లు అన్నాను కదా, అది ఎవరి గంట? అమెరికా రవాణా శాఖ పద్ధతిలో ఆఫీసు పని మీద తిరిగేవాళ్ళ గంటకి పూర్తి జీతం లెక్క. సొంత పనికి తిరిగే గంటకి సుమారు అందులో సగం. గుడికీ, డాక్టరు దగ్గరికీ, మనవడి స్కూలుకీ వెళ్ళే సమయం అంతా ఆ సగంలో పడుతుంది. మా అత్తగారి సంగతి ఇంకా విచిత్రం. ఆవిడకి ఇప్పుడు ప్రయాణమే లేదు, కాబట్టి మిగిలే సమయమూ లేదు. లేని ప్రయాణంలో ఎన్ని నిమిషాలు మిగిలాయని రాయను? ఇంట్లో కూర్చున్న మనిషి నా పట్టికలో సున్నా.

కొత్తగా ప్రయాణం మొదలుపెట్టేవాళ్ళకి కూడా కొంత లాభం కట్టే సూత్రం ఉంది, లేదని కాదు. కానీ ఆ సూత్రం నడవాలంటే "ఇలాంటివాళ్ళు ఇంతమంది ఉన్నారు" అని ఎవరో ఒకరు లెక్కపెట్టి చెప్పాలి. మనవాళ్ళు సర్వేలకి జవాబు రాయరు. రాసినా ఇంట్లో కారు నడిపే మనిషి తన ప్రయాణాల గురించి రాస్తారు.

ఒక మంచి పద్ధతి కూడా చెబుతాను. ఎదురుచూసే నిమిషాన్ని, బండిలో కూర్చున్న నిమిషానికి రెట్టింపుగా లెక్కపెట్టడం చాలా చోట్ల అలవాటు. జనవరిలో మైనస్ 25లో సెంటర్ స్ట్రీట్ మీద 301 బస్సు కోసం నిలబడ్డవాళ్ళని అడగండి, రెట్టింపేమిటి, పదింతలు అంటారు!

అన్నిటికీ డాలర్లు కట్టొచ్చా? కట్టబోయి నవ్వులపాలైన కథ ఒకటుంది. 1968లో లండన్ మూడో విమానాశ్రయం ఎక్కడ పెట్టాలో తేల్చడానికి రోస్కిల్ కమిషన్ వేశారు. వాళ్ళు చూసిన ఒక చోట స్ట్యూక్లీ అనే పల్లెలో పన్నెండో శతాబ్దపు చర్చి అడ్డొచ్చింది. దానికి ఎంత విలువ కట్టారో తెలుసా? అగ్నిప్రమాద బీమా ఎంత ఉందో అంత! మన ఊరి గుడికి ఎంత ఖరీదంటే ఇటుకల ఖరీదు చెప్పినట్టుంది. జనం మండిపడ్డారు. కమిషన్ 1971లో ఆ చోటే మేలని చెప్పినా ప్రభుత్వం వేరే చోటు ఎంచుకుంది, చివరికి 1974లో దాన్నీ వదిలేసింది.

ఇంకో చిక్కు. లాభాలన్నీ కూడి, నష్టాలన్నీ కూడి తీసేస్తాం కదా, లాభం ఒకరికీ నష్టం ఇంకొకరికీ వస్తే? శాస్త్రం ప్రకారం లాభపడ్డవాళ్ళు నష్టపోయినవాళ్ళకి పరిహారం ఇవ్వగలిగితే చాలు. నిజంగా ఇవ్వనక్కర్లేదు! మన డౌన్‌టౌన్‌లో ఓ క్లేర్ మార్కెట్ గుర్తుందా? గ్రీన్ లైన్ స్టేషను కోసమని 2024లో దాన్ని మూసేసి పడగొట్టారు. తర్వాత అదే ఏడాది రైలు దారే మారిపోయింది. అక్కడ దుకాణాలు నడిపినవాళ్ళు ఏ గడిలో ఉన్నారని చూస్తే, మొత్తం అంకెలో కలిసిపోయి కనపడరు.

ఇక అంచనాల సంగతి. డెన్మార్కుకి చెందిన ఆచార్యుడు బెంట్ ఫ్లూబ్యర్గ్ తోటివారితో కలిసి 20 దేశాల్లో 258 ప్రాజెక్టులు పరిశీలించి 2002లో ఫలితాలు ప్రచురించాడు. రైలు ప్రాజెక్టుల ఖర్చు అంచనా కంటే సగటున 45 శాతం పెరిగింది. వంతెనలూ సొరంగాలూ 34 శాతం, రోడ్లు 20 శాతం. ఎక్కేవాళ్ళ సంగతి చూస్తే, 2005లో వచ్చిన వాళ్ళ ఇంకో పరిశీలనలో రైళ్ళు అంచనా వేసినవాళ్ళలో సగటున సగం మందిని మాత్రమే చూశాయి. పొరపాటయితే కొన్ని అటు, కొన్ని ఇటు పోవాలి. అన్నీ ఒకే వైపు వాలాయంటే అది పొరపాటు కాదు, ఆశ. లేదా తెలిసి చెప్పిన అబద్ధం. అందుకే బ్రిటన్‌లో 2004 నుంచి ఒక పద్ధతి పెట్టారు: మీ ప్రాజెక్టు ప్రత్యేకమైనదని మీరు చెప్పకండి, ఇలాంటివి ఇదివరకు కట్టినప్పుడు ఎంత పెరిగిందో చూసి అంతా ముందే కలపండి. పెళ్ళి ఖర్చు అంచనా వేసేటప్పుడు మన పెద్దవాళ్ళు చేసేదిదే. కాగితం మీద ఎంత రాసినా, "పెద్దమ్మాయి పెళ్ళికి ఎంతయింది?" అని అడుగుతారు.

మన హైదరాబాదు మెట్రోనే చూడండి. 2008లో పాట పెడితే, ప్రభుత్వం దగ్గర సాయం అడగాల్సింది పోయి, మేటాస్ సంస్థ తానే ప్రభుత్వానికి ఎదురు 30,311 కోట్లు ఇస్తానంది. ఢిల్లీ మెట్రో శ్రీధరన్‌గారు ఇదేదో తేడాగా ఉందని అప్పుడే అన్నారు. 2009 జనవరిలో సత్యం కుంభకోణం బయటపడింది, జూలైలో ఆ ఒప్పందం రద్దయింది. 2010లో మళ్ళీ పాట పెడితే ఎల్ అండ్ టీ 1,458 కోట్ల సాయం కావాలని అడిగి గెలుచుకుంది. ఒకే రైలు, ఒకే ఊరు. ఒకరి కాగితంలో 30 వేల కోట్ల లాభం, ఇంకొకరి కాగితంలో వెయ్యి కోట్ల పైన లోటు! 2017 నవంబరులో మెట్రో మొదలైంది. రోజుకి 15 లక్షల మంది ఎక్కుతారని ఒకప్పుడు చెప్పుకున్నారు. నడిచాక లెక్క 5 లక్షల దగ్గర తిరిగింది. అలాగని మెట్రో దండగ అంటే మియాపూరులో రోజూ ఎక్కే మా చెల్లెలు ఊరుకోదు. ఆమెకి మిగిలిన గంట నిజమే. తప్పింది అంచనా.

ఇప్పుడు మన గ్రీన్ లైన్‌కి వద్దాం. 2015లో ఫెడరల్ ప్రభుత్వం 1.53 బిలియన్ డాలర్లు ఇస్తామంది. బిలియన్ అంటే మన వంద కోట్లు. అప్పటి ఊహ ఏమిటంటే ఉత్తరాన 160 అవెన్యూ నుంచి ఆగ్నేయంలో సీటన్ దాకా 46 కిలోమీటర్లు, నాలుగున్నర నుంచి 5 బిలియన్లు. నేను ఇల్లు కొన్నది ఈ గీతని చూసే. 2017లో, మొదటి దశగా 20 కిలోమీటర్లకే 4.65 బిలియన్లు అన్నారు. ఉత్తరం చివర 16 అవెన్యూ దగ్గర ఆగిపోయింది. 2024 జూలైకి 10 కిలోమీటర్లు, 7 స్టేషన్లు, 6.2 బిలియన్లు. నదికి ఉత్తరాన ఏమీ లేదు.

కిలోమీటరుకి ఎంత పడిందో భాగించి చూడండి. మొదట సుమారు 100 మిలియన్లు, తర్వాత 230, చివరికి 620. ఇది ధరలు పెరగడం వల్లనే అనుకుంటే తప్పు. డౌన్‌టౌన్ కింద సొరంగం అన్నిటికంటే ఖరీదైన ముక్క. డబ్బు చాలనప్పుడల్లా చివర్లు కత్తిరించారు. చివర్లు నేల మీద నడిచే చౌక ముక్కలు, ఇళ్ళున్నవీ అక్కడే. చీర ఖరీదంతా జరీ అంచులో ఉంటే, డబ్బు చాలలేదని కొంగు కత్తిరించుకున్నట్టు. ఖర్చు కాస్త తగ్గింది, కట్టుకోవడానికి పనికిరాకుండా పోయింది. అందుకే సగటు ధర చూడకూడదు. ఈ ఆఖరి 8 కిలోమీటర్లు తీసేస్తే ఎంత మిగులుతుంది, ఎంతమంది పోతారు అని ముక్క ముక్కకీ చూడాలి.

1981లో ఇదే నగరం మొదటి సీ ట్రైను వేసినప్పుడు సొరంగం జోలికి పోకుండా సెవెంత్ అవెన్యూ వీధి మీదే నడిపించింది. చౌకగా అయింది, త్వరగా అయింది. కానీ వీధి మీద సిగ్నళ్ళ మధ్య ఎన్ని రైళ్ళు పట్టగలవో దానికి హద్దు ఉంది. అప్పటి పొదుపు ఖరీదు ఇప్పటివాళ్ళం కడుతున్నాం. దీనికి ఎదురుగా ఎయిర్‌పోర్ట్ ట్రైల్ సొరంగం ఉంది. కొత్త రన్‌వే వేశాక దాని కింద తవ్వడం దాదాపు కుదరని పని, కాబట్టి ఇప్పుడే తవ్వాలి అని 2011లో కౌన్సిల్ నిర్ణయించి 2014లో తెరిచింది, సుమారు 295 మిలియన్లు. అప్పుడు చాలామంది తిట్టారు. ఇప్పుడు చేయకపోతే ఇంకెప్పటికీ చేయలేం అన్నదానికి కూడా ఒక విలువ ఉంటుంది, అది మామూలు పట్టికలో దొరకదు.

2024 సెప్టెంబరులో ప్రొవిన్సు ఆ పది కిలోమీటర్ల పథకానికి తన వంతు డబ్బు ఇవ్వనంది. కౌన్సిల్ పని మూసేయాలని ఓటు వేసింది. అప్పటికి ఖర్చయింది సుమారు 1.3 బిలియన్లు, ఒప్పందాలు తెంపుకుని మూసేయడానికి ఇంకో 0.85 దాకా అవుతుందని నగర అధికారులు లెక్క చెప్పారు. అప్పుడు ఏ పొట్‌లక్‌కి వెళ్ళినా రెండే వాదనలు. ఒకరు "ఇంత పెట్టాక ఆపుతారా?" ఇంకొకరు "ఆరు బిలియన్లు బూడిదపాలు చేస్తారా?" ఇద్దరి లెక్కా తప్పే. ఖర్చయిపోయిన 1.3 కట్టినా రాదు, ఆపినా రాదు. దాన్ని రెండు వైపులా కొట్టేయండి. కడితే ఇంకా కావాల్సింది 4.9. ఆపితే కావాల్సింది 0.85. తేడా సుమారు 4 బిలియన్లు. అసలు ప్రశ్న ఇది: ఇంకో 4 బిలియన్లకి ఈ పది కిలోమీటర్లు తగునా, లేక ఆ డబ్బుతో ఇంకేం చేయొచ్చు? 2018లో మొదలైన మ్యాక్స్ బస్సుల్లాంటివి ఉత్తరానికి ఎన్ని వేయొచ్చు? ఇక్కడ కాటన్ దొర ప్రశ్న గుర్తు తెచ్చుకోండి, దేనితో పోలిస్తే?

తర్వాత ప్రొవిన్సు, నగరం రాజీపడ్డాయి. డౌన్‌టౌన్‌లో సొరంగం బదులు స్తంభాల మీద నడిపే దారి ముందుకొచ్చింది. 2025 జనవరిలో కౌన్సిల్ ఆమోదించింది, ఆగ్నేయం వైపు షెపర్డ్ దాకా వెళ్ళే భాగం పని అదే ఏడాది మొదలైంది. ఆ వైపు ఉన్న మన కుటుంబాలకి శుభాకాంక్షలు. మా ఉత్తరంవాళ్ళం 301 బస్సులోనే ఉన్నాం.

ముగించేముందు మీ చేత ఒక పని చేయించాలని ఉంది. ఈసారి మీ పేటలో రోడ్డు గురించో, బస్సు గురించో ఓపెన్ హౌస్ అని కాగితం వస్తే, సమోసాలు లేవని మానేయకండి, వెళ్ళండి. వెళ్ళి నాలుగు ప్రశ్నలు అడగండి. దేనితో పోల్చారు? ఎంత శాతంతో తగ్గించారు? ఇలాంటివి ఇదివరకు కట్టినప్పుడు ఎంత పెరిగింది? ఎవరి సమయం లెక్కపెట్టారు, ఎవరిది వదిలేశారు? ఇంగ్లీషు గొప్పగా రానక్కర్లేదు. నాలాంటివాళ్ళే అక్కడ బల్ల వెనక నిలబడి ఉంటారు, ఆ ప్రశ్నలకి మాకు చెమటలు పడతాయి, నిజం చెబుతున్నాను.

ఇల్లు కొనబోయేవాళ్ళకి ఇంకో మాట. మ్యాపు మీద గీతకి డబ్బు ఇవ్వకండి. మంజూరైన డబ్బుకీ, పిలిచిన టెండరుకీ అయితే కాస్త ఇవ్వొచ్చు.

పోయిన ఏడాది మా పేటలో ప్రయాణాల సర్వే వస్తే, అత్తగారిని పక్కన కూర్చోబెట్టుకుని ఆవిడ పేరు మీద నింపాను. "గత వారంలో ఎన్ని ప్రయాణాలు చేశారు?" అని ఉంది. ఒకటి అని రాశాను. ఆవిడ ఊరుకోలేదు. "చేసినవి కాదమ్మాయ్, చెయ్యాలనుకున్నవి రాయి" అన్నారు. గుడికి రెండు, లైబ్రరీకి ఒకటి, కూరగాయలకి ఒకటి, ఊరికే రెండు. ఆ ఫారంలో దానికి గడి లేదు. కింద ఖాళీ జాగాలో చేత్తో రాసి పంపాను.

వచ్చే నెల మళ్ళీ కలుద్దాం. రోడ్లు జారుతున్నాయి, జాగ్రత్తగా నడపండి. సెలవు.